మొదటి గీత ఎక్కడ గీయాలి మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లె. ఊళ్ళో హైస్కూల్లో పది చదివి, ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. పదిలో సైన్సులో 98 వచ్చాయి. విశాఖలో ఒక యూనివర్సిటీ వాళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ పోటీ పెడుతున్నారని మా ఫిజిక్స్ సార్ ముగ్గురి పేర్లు ఇచ్చారు. నేను, ఇద్దరు అబ్బాయిలు. ఇంకా ఆరు వారాలుంది. మొదటి రోజు జట్టుగా రాసే పేపరు, మర్నాడు ప్రయోగం. సార్ ఇచ్చిన పాత పేపరులో ఎనిమిది ప్రశ్నలుంటే ఒక్కదానికీ మొదటి గీత కూడా గీయలేకపోయాను. ఏ సూత్రం వాడాలో తెలియలేదు. పేపరంతా ఇంగ్లీషు. మా టెన్త్ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటే నేనెప్పుడూ తెలుగు పేజీయే చదివేదాన్ని. కలిసి కూర్చుంటే ఆ ఇద్దరూ నాకు పెన్ను ఇవ్వరు. మా నాన్న తాపీ మేస్త్రి. "దీనివల్ల ఎంసెట్‌లో ర్యాంకు వస్తాదా? రాత్రి అక్కడ ఉండటం ఎందుకు?" అంటున్నారు. పరువు పోకముందే మానేద్దామనుకుంటున్నాను. మానేయనా?

జవాబు: మానేయకమ్మా. పేరు ఇచ్చారు, ఆరు వారాలు ఉంది, వెళ్ళు. ఎందుకు వెళ్ళమంటున్నానో, ఎలా తయారవ్వాలో, నాన్నతో ఏం మాట్లాడాలో తోచిన వరసలో రాస్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టు.

ముందు ఆ 98 సంగతి. అవి నువ్వు కష్టపడి తెచ్చుకున్నవి, వాటిని తక్కువ చేయను. కానీ పదో తరగతి పేపరు నువ్వు చదివినదాన్నే అడుగుతుంది. ప్రశ్న చూడగానే ఏ పాఠమో తెలిసిపోతుంది. పాఠం తెలిస్తే సూత్రం తెలిసినట్టే. మీ నాన్న ఎంసెట్ అంటున్న ఈఏపీసెట్ కూడా ఆ కోవలోదే. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. అంత టైములో గుర్తుపట్టగలం గానీ ఆలోచించలేం. ఫిజిక్స్ పోటీల దారి వేరు. వీటన్నిటికీ పెద్దన్నలాంటిది అంతర్జాతీయ ఫిజిక్స్ ఒలింపియాడ్. 1967లో పోలండ్‌లోని వార్సాలో మొదలైంది. అందులో థియరీకి ఐదు గంటలు ఇస్తారు, ప్రశ్నలు మామూలుగా మూడే ఉంటాయి. అమెరికాలో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ విద్యార్థులు హైస్కూలు పిల్లలకి జరిపే పోటీలో జట్టు పేపరును పుస్తకాలు ముందు పెట్టుకుని, రోజుల తరబడి చేసుకోవచ్చు. పుస్తకం చేతిలో ఉన్నా చప్పున తేలని ప్రశ్నలన్నమాట. నువ్వు ఆ పాత పేపరు ముందు ఎంతసేపు కూర్చున్నావో రాయలేదు. నా అంచనా, ప్రశ్నకు మూడు నాలుగు నిమిషాలు. ఏమీ తోచకుండా పావుగంట కూర్చోవడం అలవాటు లేక భయం వేసింది, అంతే.

ఆ భయం నాకూ తెలుసు. చాలా ఏళ్ళ కిందట విజయనగరం నుంచి నలుగురు పిల్లల్ని ఇలాంటి పోటీకే విశాఖ తీసుకెళ్ళాను. తిరుగు ప్రయాణంలో పాసింజరు బండిలో, కొత్తవలస దాటాక అనుకుంటాను, ఒక పిల్లాడు పేపరు తీసి అడిగాడు. చెరువులో పడవ, పడవలో బండరాయి. రాయిని నీళ్ళలో పడేస్తే చెరువు నీటిమట్టం పెరుగుతుందా, తగ్గుతుందా? "మారదురా, రాయి అప్పుడూ చెరువులోనే ఉంది, ఇప్పుడూ చెరువులోనే ఉంది" అన్నాను గడుసుగా. వాడు తల ఊపాడు గానీ నమ్మలేదు. ఇంటికొచ్చాక నాకూ నిద్ర పట్టలేదు. మర్నాడు పెద్ద టబ్బులో నీళ్ళు పోసి, స్టీలు గిన్నె తేల్చి, గిన్నెలో తూకం రాళ్ళు పెట్టి, నీళ్ళు ఎక్కడున్నాయో టబ్బుకు గీత పెట్టాను. తర్వాత ఆ రాళ్ళు తీసి నీళ్ళలో వేశాను. మట్టం గీత కిందికి దిగింది! పడవలో ఉన్నప్పుడు రాయి తన బరువుకు సరిపడా నీటిని తోస్తుంది. మునిగాక తన సైజుకు సరిపడా నీటినే తోస్తుంది. రాయి నీటికంటే బరువైనది కాబట్టి మొదటిదే ఎక్కువ. అప్పటికి ఎమ్మెస్సీ చదివి, పదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆర్కిమెడిస్ సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. సోమవారం క్లాసులో ఆ పిల్లాడి దగ్గర తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. పోటీలో మేము చివరి నుంచి రెండో జట్టో మూడో జట్టో, సరిగ్గా గుర్తు లేదు. ఆ టబ్బు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు నువ్వు అడిగిన మొదటి గీత. మీ నాన్న పనిలో ఉన్నదే తీసుకుందాం. గోడలు నాలుగు మూలలా ఒకే మట్టానికి రావాలంటే మేస్త్రులు సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్ళు నింపి, ఒక కొస ఈ మూల, మరో కొస ఆ మూల పట్టుకుని, నీళ్ళు నిలిచిన చోట గుర్తు పెడతారు. మధ్యలో పైపు ఎన్ని వంపులు తిరిగినా రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఇంతవరకూ స్కూలు పాఠమే. పోటీ పేపరైతే ఇంకొంచెం ముందుకు వెళ్ళి అడుగుతుంది: పైపులో ఒకచోట గాలి బుడగ చిక్కుకుంది, ఆ చోట పైపు మొత్తం గాలే. ఇప్పుడు రెండు గుర్తులకూ తేడా ఎంత?

సూత్రం కోసం వెతక్కు. బొమ్మ గియ్యి. రెండు కొసలూ పైకి లేచి, మధ్య భాగం నేల మీద పరుచుకున్న పైపు. అందులో బుడగను ఎక్కడ గీస్తావు? నేల మీద పడుకున్న భాగంలోనా, నిలువుగా పైకి లేచే భాగంలోనా? ప్రశ్నలో చెప్పలేదు కదా! నీ పెన్సిలు గాల్లో ఆగింది చూడు, ప్రశ్న ప్రాణం అక్కడుంది. రెండు బొమ్మలూ గియ్యి. బుడగ పొడవుకు ఎల్ అని పేరు పెట్టు. ఇక గుర్తు చేసుకోవలసింది ఒకటే: నీళ్ళలో కిందికి దిగేకొద్దీ పీడనం పెరుగుతుంది. గాలి తేలిక కాబట్టి బుడగ గుండా దిగితే పెరగనట్టే లెక్క. ఇప్పుడు బొమ్మ మీద వేలు పెట్టి, ఎడమ కొస నుంచి పైపు వెంట అడుగుకు దిగి, కుడి కొసకు ఎక్కు. రెండు కొసల్లోనూ ఉన్నది బయటి గాలి పీడనమే. బుడగ నిలువు భాగంలో ఉంటే ఆ ఎల్ మేర పీడనం పెరగలేదు. ఆ లోటు పూడాలంటే ఆ వైపు నీళ్ళు ఎల్ అంత ఎత్తు ఎక్కువ నిలవాలి. అయిదు సెంటీమీటర్ల బుడగకు అయిదు సెంటీమీటర్ల తప్పు. ఇల్లు వంకర పోవడానికి అది చాలు. బుడగ నేల మీద పడుకున్న భాగంలో ఉంటే మాత్రం తప్పేమీ రాదు. ఏటవాలు భాగంలో ఉంటే? ఇది నువ్వే చెప్పగలవు.

చూశావా, వాడింది తొమ్మిదో పదో తరగతి ఫిజిక్సే. పాత పేపరులోని ఎనిమిది ప్రశ్నలకూ ఇదే వరస ప్రయత్నించు. మొదటి వారం ఏ ప్రశ్ననూ పూర్తి చేయొద్దు. ఒక్కోదానికి బొమ్మ గీసి, కనిపించినవాటికి పేర్లు పెట్టి, బలాలకు బాణాలు వేసి వదిలెయ్యి. రెండో వారం మళ్ళీ ఆ బొమ్మల దగ్గరికి రా. కరెంటు, లెన్సుల ప్రశ్నలుంటే పక్కన పెట్టు, అవి మీకు రెండో సంవత్సరంలో వస్తాయి. బలాలు, ఘర్షణ, శక్తి, డోలనాలు, ద్రవాలు, ఉష్ణం, ఇవన్నీ మొదటి సంవత్సరంలోనే ఉన్నాయి. ఆరు వారాలకు అదే ఎక్కువ.

జవాబు వచ్చాక దాన్ని కుదిపి చూడటం కూడా నేర్చుకో. నున్నటి ఏటవాలు బల్ల మీద దిమ్మ జారే త్వరణం జీ సైన్ తీటానా, జీ కాస్ తీటానా అని అనుమానం వచ్చిందనుకో. బల్లను పూర్తిగా పడుకోబెట్టు, అంటే కోణం సున్నా. దిమ్మ జారకూడదు. సైన్ సున్నా చూపిస్తుంది, కాస్ ఒకటి చూపిస్తుంది. అనుమానం తీరిపోయింది. నా క్లాసుల్లో మంచి మార్కుల పిల్లలే ఈ పని చేసేవాళ్ళు కారు, వాళ్ళకు సూత్రం మీద అంత నమ్మకం.

మరో ప్రశ్న ఇస్తాను. ఇది మన జిల్లాల వాళ్ళకి పుట్టుకతో వచ్చిన హక్కు లాంటిది. అరసవల్లిలో సూర్యకిరణాలు అనివెట్టి మండపం మధ్యగా వచ్చి స్వామి పాదాలను తాకేది ఏడాదిలో రెండు విడతలు, మార్చి రెండో వారంలోనూ అక్టోబరు మొదట్లోనూ. రెండుసార్లే ఎందుకు? ఆ తేదీలే ఎందుకు? క్యాలెండరు తీసి చూడు. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి 20 దగ్గర, మళ్ళీ సెప్టెంబరు 23 దగ్గర. అరసవల్లి తేదీలు మొదటిదానికి సుమారు పది రోజుల ముందు, రెండోదానికి సుమారు పది రోజుల తర్వాత. రెండూ సూర్యుడు దక్షిణాన ఉండే రోజులే. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి ఒకే చోట ఉదయిస్తాడు. ఈ రోజుల్లో సూర్యుడు రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు జరుగుతాడు. పది రోజులకు నాలుగు డిగ్రీలు. అంటే గుడి చూపు సరిగ్గా తూర్పుకు కాక కొద్దిగా దక్షిణానికి ఉండాలి. దిక్సూచి పట్టుకెళ్ళి చూస్తే తెలుస్తుంది. ఆ దర్శనం ఒకటి రెండు రోజులే ఎందుకు ఉంటుందో కూడా ఈ 0.4 అంకెలోనే ఉంది. మనకు కనిపించే సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ అని మాత్రం చెప్పి వదిలేస్తాను. మీ జట్టు ముగ్గురూ కూర్చుని తేల్చండి.

ఇంగ్లీషు గురించి నువ్వు పడే టెన్షన్‌లో సగం తగ్గించుకోవచ్చు. ఫిజిక్స్ ప్రశ్నలో ఇంగ్లీషు కథల పుస్తకంలో ఉన్నట్టు ఉండదు. కొన్ని మాటలు సంకేతాల్లా పదేపదే వస్తాయి. 'స్మూత్' అంటే ఘర్షణ సున్నా అనుకోమని. 'లైట్ స్ట్రింగ్' అంటే తాడు బరువు లెక్కలోకి తీసుకోవద్దని. 'ఇన్‌ఎక్స్‌టెన్సిబుల్' అంటే తాడు సాగదు, కాబట్టి దానికి కట్టిన రెండు వస్తువులూ ఒకే వేగంతో కదులుతాయి. 'స్లోలీ' అని రాస్తే ఏ క్షణంలో చూసినా బలాలు సరితూగి ఉన్నాయని. 'జస్ట్ బిగిన్స్ టు స్లిప్' అంటే ఘర్షణ తన హద్దు చివరికి చేరిందని. 'ఎస్టిమేట్' అంటే ఉజ్జాయింపు చాలని. ఇలాంటివి ముప్ఫై నలభై మించవు. చిన్న నోటుబుక్కులో ఎడమవైపు ఆ మాట, కుడివైపు దాని అర్థం తెలుగులో రాసుకో. నీకు ఎదురెదురు పేజీలు అలవాటే కదా! ఆలోచించడం తెలుగులోనే కానివ్వు. 'మొమెంటం' అంటే ఇంగ్లీషు మీడియం పిల్లాడు బట్టీ పట్టాలి, 'ద్రవ్యవేగం' అన్న మాటలో దేన్ని దేనితో గుణించాలో కూడా ఉంది. పేపరులో సమీకరణాలూ బొమ్మలూ శుభ్రంగా ఉంటే మధ్యలో పొడిపొడి ఇంగ్లీషు సరిపోతుంది. తెలుగులో వివరణ రాయనిస్తారేమో మీ సార్‌తో ఒక ఫోన్ చేయించండి. అడిగితే పోయేదేమీ లేదు.

పెన్ను సంగతి. దీన్ని పోటీ రోజుకు వదిలేస్తే ఆ రోజూ ఇలాగే జరుగుతుంది. మొహమాటపడకుండా ఇప్పుడే ముగ్గురూ ఒప్పందం చేసుకోండి. పేపరు చేతికొచ్చిన మొదటి పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, ఎవరి కాగితం మీద వాళ్ళు బొమ్మలు గీసుకోవాలి. తర్వాత ప్రశ్నలు పంచుకోవాలి. నీ వాటాకు వచ్చిన ప్రశ్న జవాబు నువ్వే రాస్తావు, వాళ్ళు తప్పులు చూస్తారు. వాళ్ళది వాళ్ళు రాస్తారు, నువ్వు చూస్తావు. వారానికి ఒకరోజు కాలేజీ అయ్యాక గంటన్నర ఇలాగే కూర్చోండి. అబ్బాయిలు వినకపోతే సార్ చేత చెప్పించు. ఇది చాడీ కిందికి రాదు. ముగ్గురిలో ఒకరు ప్రేక్షకురాలిగా కూర్చున్న జట్టుకు మార్కులూ ఆ మేరకే వస్తాయని ఆయనకూ తెలుసు.

ప్రయోగం రోజుకు ఇంట్లోనే తయారవ్వచ్చు. ఒక నట్టు, మీటరు పైచిలుకు దారం, ఫోనులో స్టాప్‌వాచ్. మేకుకు కట్టి ఊపు, వీటితోనే గురుత్వ త్వరణం కొలవచ్చు. మీటరు లోలకం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి దాదాపు రెండు సెకన్లు. వేలితో స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ అవుతుంది. ఒక్క ఊపుకే టైము చూస్తే పదో వంతు తప్పు. గురుత్వ త్వరణం లెక్కలో కాలానికి వర్గం ఉంది కాబట్టి అక్కడికి వచ్చేసరికి అది రెట్టింపవుతుంది. అదే 20 ఊపులకు చూస్తే 40 సెకన్లలో ఆ 0.2 ఎంత? రెండు వందల్లో ఒక వంతు. మూడు చిన్న విషయాలు. దారం పొడవు ముడి దాకా కాకుండా నట్టు మధ్య దాకా కొలవాలి. ఊపులో అన్నిటికంటే కింద ఉండే చోటును నట్టు దాటేటప్పుడు వాచీ నొక్కాలి, చివర దగ్గర అది మెల్లగా ఆగినట్టుంటుంది కాబట్టి ఎప్పుడు నొక్కాలో తెలియదు. మూడోది, "సున్నా" అంటూ లెక్క మొదలుపెట్టాలి. "ఒకటి" అంటూ మొదలుపెట్టి 20 దగ్గర ఆపితే లెక్కకొచ్చేది 19 ఊపులే. ఈ తప్పు డిగ్రీ పిల్లలు కూడా చేయగా చూశాను. వచ్చిన అంకె 9.8కి దూరంగా ఉంటే దిద్దకు. ఎందుకు దూరంగా వచ్చిందో రాయి. పరీక్షకులకు అది చదవడం ఇష్టం.

ఇక నాన్న. ఆయన రెండు ప్రశ్నలు వేశారు, రెండూ న్యాయమైనవే. ర్యాంకు వస్తుందా అంటే, దీనివల్ల రాదు. రాదనే చెప్పు. నేను చదువు చెప్పిన రోజుల్లో ఇలాంటి పోటీలకు పిల్లల్ని పంపమని తల్లిదండ్రులకు లేనిపోని ఆశలు చెప్పిన వాళ్ళను చూశాను, తర్వాత ఆ ఇళ్ళల్లో రెండో పిల్లను ఎక్కడికీ పంపలేదు. "ఆరు వారాలు, రోజుకు గంట, కాలేజీ పాఠాలు తప్పించను" అని చెప్పి, చెప్పినట్టు చెయ్యి. రాత్రి బస గురించి మాత్రం నువ్వు వాదించకు, సార్ మాట్లాడాలి. ఎక్కడ ఉంచుతారు, వెంట లేడీ లెక్చరర్ ఎవరు వస్తున్నారు, వాళ్ళ ఫోన్ నంబరు, ఏ బస్సుకు వెళ్ళి ఏ బస్సుకు వస్తారు, ఇవన్నీ కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించి మీ నాన్న చేతికి ఇవ్వాలి. అమ్మ గానీ నాన్న గానీ వెంట రావచ్చేమో కనుక్కోండి. ఆడవాళ్ళెవరూ తోడు రావడం లేదంటే నేను కూడా మీ నాన్న పక్షమే. అప్పుడు మొదటి రోజు పేపరు రాసి సాయంత్రానికి ఇల్లు చేరే ఏర్పాటు చూడండి.

ఈ పోటీ అయ్యాక ఇంకా ఆసక్తి ఉంటే, ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ ఫిజిక్స్ టీచర్స్ వాళ్ళు ఏటా నవంబరులో ఒక జాతీయ స్థాయి పరీక్ష పెడతారు. రెండు గంటలు, 60 ప్రశ్నలు, తప్పుకు మార్కులు తగ్గుతాయి. అందులో పైన నిలిచినవాళ్ళకు ముంబయిలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం తర్వాతి పరీక్ష, ఆ తర్వాత శిక్షణ శిబిరం నడుపుతుంది. చివరికి అయిదుగురు దేశం తరఫున ఒలింపియాడ్‌కు వెళ్తారు. మన దేశం 1998 నుంచి పాల్గొంటోంది, 2015లో ముంబయిలోనే జరిగింది. ఇది నీ ముందున్న మెట్టు అని చెప్పడం లేదు. ఆ రెండో పరీక్ష పాత పేపర్లూ జవాబులూ ఆ కేంద్రం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయని చెప్పడానికి రాశాను. కోచింగుకు డబ్బు పెట్టలేని పిల్లలకు అంతకంటే మంచి పుస్తకం నాకు తెలియదు. వారానికి ఒకే ఒక్క ప్రశ్న తీసుకో. గంట కూర్చున్నాక కూడా కదలకపోతే జవాబు తెరిచి, మొదటి రెండు వరుసలు మాత్రం చదివి మూసెయ్యి.

ఈ ఆదివారం నాన్న ఇంట్లో ఉన్నప్పుడు ఆ నీళ్ళ పైపు బయటికి తీయించు. బుడగ ఎక్కించి, పైన రాసిందంతా నిజమో కాదో ఇద్దరూ కలిసి చూడండి. తర్వాత ఆయన్ని ఇంకో మాట అడుగు: పైపులో ఒక కొస ఎండలోనూ, మరో కొస నీడలోనూ చాలాసేపు ఉంటే మట్టం సరిగ్గా వస్తుందా అని. ఆయన ఏమంటారో నాకు తెలుసుకోవాలని ఉంది. లెక్కకు కావలసిన అంకెలు ఇస్తున్నాను: ఘనపు మీటరు నీళ్ళు 30 డిగ్రీల దగ్గర 995.7 కిలోలు, 40 డిగ్రీల దగ్గర 992.2 కిలోలు తూగుతాయి. నీడలో నీళ్ళు నేల నుంచి మీటరు ఎత్తున నిలిచాయనుకో. ఎండలో ఎంత ఎత్తున నిలుస్తాయి? తేలినా తేలకపోయినా, నువ్వు గీసిన బొమ్మ మాత్రం ఫోటో తీసి పంపు.